ఈశాన్య వానలకు ముందే టైర్లను చేత్తో తడిమి చూడండి

నెల్లూరు జిల్లాకు, ప్రకాశం తీర ప్రాంతానికి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడేవే. వాయుగుండం పట్టిందంటే ఒంగోలు, కావలి, నెల్లూరు మీదుగా వెళ్లే పదహారో నంబరు జాతీయ రహదారి మీద నీళ్లు నిలుస్తాయి. అరిగిన టైరు ఆ నీటిని పక్కకు నెట్టలేదు. బండి నీటి మీద తేలుతుంది, స్టీరింగు తిప్పినా మాట వినదు. అందుకే సెప్టెంబరులోనే ఒక ఉదయం టైర్లకు కేటాయించండి.

ముందు గాలి. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ఎంత పట్టాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. టైరు పక్కన అచ్చువేసిన అంకె గరిష్ఠ పరిమితి, అంత కొట్టించకండి. బండి ఒక పక్కకు లాగుతోందంటే చాలామంది నేరుగా అలైన్‌మెంటుకు (చక్రాల కోణాలు సరిచేయించడానికి) పరుగెడతారు. చాలాసార్లు ఒక ముందు టైరులో గాలి తగ్గడమే కారణం.

గాలి సరిచేసినా లాగుతుంటే ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్పించి చూడండి (తిరిగే దిశకు బాణం గుర్తున్న టైర్లకు ఇది పనికిరాదు). లాగే వైపు కూడా మారితే లోపం టైరుదే. మారకపోతే అలైన్‌మెంటు, బ్రేకు, సస్పెన్షన్లలో వెతకాలి.

ఇక అరుగుదల. స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు టైరు లోపలి అంచు బయటపడుతుంది. మామూలుగా నిలబడి చూస్తే కనపడని చోటు అదే, మోసం జరిగేదీ అక్కడే. బయట అంచు కొత్తదానిలా మెరుస్తుంటే లోపల తీగలు తేలిన టైర్లు ఉంటాయి. అరచేతిని టైరు మీద అడ్డంగా, లోపలి అంచు నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి మెల్లగా జరపండి. ఒక వైపు నున్నగా జారి, రెండో వైపు రంపపు పళ్లలా తగిలితే చక్రాల టో (చక్రాల ముందు భాగం లోపలికో, బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు, బ్యాలెన్సింగు చూపించండి. ఎనభై దాటగానే స్టీరింగు వణకడం కూడా ఎక్కువగా బ్యాలెన్సింగు లోపమే.

అలైన్‌మెంటు చేయించే ముందు చక్రాన్ని జాకీ మీద లేపించి, పైనా కిందా, తర్వాత రెండు పక్కలా పట్టుకుని ఊపించండి. బాల్ జాయింటో (చక్రాన్ని సస్పెన్షన్‌కు కలిపే కీలు), టై రాడ్ (చక్రాన్ని స్టీరింగుకు కలిపే కడ్డీ) చివరో వదులైతే ఎంత సరిచేసినా నిలవదు, డబ్బు దండగ. గ్రానైటు లారీలు తిరిగే చీమకుర్తి వైపు గుంతల్లో తిరిగే బండ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. పనికి ముందు, తర్వాత కొలతల కాగితం అడిగి తీసుకోండి.

చట్టం ప్రకారం కారు టైరుకు గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. వానల్లో హైవే ఎక్కేవారు 3 దగ్గరే మార్చేయడం మేలని నా గట్టి అభిప్రాయం. రెండే కొత్తవి కొంటే వెనక చక్రాలకు వేయించండి. పక్క భాగంలో ఉబ్బు వచ్చిన టైరును ఒక్క రోజు కూడా నమ్మకండి, దానికి పంక్చరు షాపులో వైద్యం లేదు. నాలుగంకెల తయారీ గుర్తు కూడా చదవండి: 3519 అంటే 2019లో 35వ వారం. స్టెప్నీ డిక్కీలోనే ముసలిదైపోతుంది, దాని గుర్తూ, గాలీ మరవకండి.