పాత వాటర్ పార్కు మరమ్మతు – 5వ పాఠం: ఫైబర్ స్లైడ్ పగుళ్లు, జెల్‌కోట్ పూత

ముందు గత పాఠం లెక్క. స్లైడ్ టవర్ ఇనుప స్తంభం గోడ మందం మొదట్లో 6 మి.మీ. బేస్ ప్లేటుకు 5 సెం.మీ. పైన అల్ట్రాసోనిక్ గేజ్ (ధ్వని తరంగాలతో మందం కొలిచే మీటరు) 4.6 మి.మీ. చూపించింది, ఏం చేయాలి అని అడిగాం. తరిగింది 1.4 మి.మీ., అంటే సుమారు 23 శాతం. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొడదామనుకున్నవాళ్లు నాలుగో పాఠం మరోసారి చదవాలి. పోయిన ఇనుము రంగుతో తిరిగి రాదు. రీడింగులన్నీ స్ట్రక్చరల్ ఇంజనీరు ముందు పెట్టాలి. ఆయన తేల్చేదాకా ఆ టవర్ మెట్లకు తాళం వేయాలి.

ఈ పాఠంలో టవర్ మీంచి దిగుదాం, జారుడు తొట్టిలోకి. పదిహేనేళ్లు ఎండలో మగ్గిన ఫైబర్ స్లైడ్‌కు పట్టే రోగాలు నాలుగైదు. రంగు వెలిసి తెల్లటి పొడి రాలడం, గార పట్టడం, పగుళ్లు, బుడిపెలు, అతుకుల దగ్గర మెట్టు లేవడం. వీటన్నిటికీ మందు కొత్త జెల్‌కోటే (ఫైబర్ మీద నునుపుగా మెరిసే రంగు పైపూత) అనుకుని నేరుగా స్ప్రే గన్ను పట్టుకోవడం మన దగ్గర బాగా అలవాటు. ఆ పూత రెండు సీజన్లు కూడా నిలవదు. పగులు కనిపించేది లోపలి వైపు, పుట్టేది మాత్రం చాలాసార్లు వెనక వైపు. కాబట్టి పని వెనక నుంచే మొదలవ్వాలి.

పని ఎప్పుడు పెట్టుకోవాలి

హైదరాబాద్‌లో వాటర్ పార్కుకు పంట కాలం మార్చి నుంచి జూన్ మొదటి వారాల దాకా. మృగశిర కార్తె వచ్చి బళ్లు తెరిచాక జనం పలచబడతారు, అప్పుడే స్లైడ్ విప్పేద్దామని యాజమాన్యానికి అనిపిస్తుంది. కానీ అది వానాకాలం. తడి పీల్చిన ఫైబర్ మీద పూసిన జెల్‌కోట్ పట్టు దొరక్క పొరలుగా లేస్తుంది. ఆ నెలల్లో వెనక వైపు తనిఖీ, బోల్టులు, స్లైడ్‌ను కింద నుంచి మోసే సాడిల్ సపోర్టుల పని చేసుకోవచ్చు. పూత పనికి సరైన కాలం దీపావళి తర్వాత మొదలై సంక్రాంతి సెలవుల రద్దీకి ముందు ముగుస్తుంది. గాలి పొడిగా ఉంటుంది, ఎండ మితంగా ఉంటుంది. ఒక్క చిక్కు పొద్దుటి మంచు. కాబట్టి పదింటికి మొదలుపెట్టి మూడింటికల్లా గన్ను కడిగేయాలి. ఉపరితలం వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 80 శాతం దాటకూడదు. ఈ రెండూ కొలిచే చేతి మీటరు లేకుండా జెల్‌కోట్ డబ్బా మూత తీయొద్దు.

పగులును చదవడం

రూపాయి బిళ్లతో స్లైడ్ అంతా తట్టుకుంటూ వెళ్లండి, కొబ్బరికాయను తట్టి చూసినట్టే. ఖంగుమంటే పొరలు గట్టిగా ఉన్నట్టు, డొల్లగా మోగితే విడిపోయినట్టు. అలాంటి చోట మార్కర్‌తో గుండ్రంగా గీత గీసి, ప్యానెల్ నంబరు రాసుకోవాలి.

పగులు ఆకారమే దాని కారణం చెబుతుంది. ఒక బిందువు నుంచి నక్షత్రంలా అన్ని వైపులా పాకితే అక్కడ ఏదో దెబ్బ తగిలింది. శుభ్రం చేసేవాళ్లు జారవిడిచిన స్పానర్ కావచ్చు, వెనక నుంచి పరంజా గొట్టం గుద్దుకుని ఉండొచ్చు. పక్కపక్కనే సమాంతర గీతల్లా ఉంటే ఫైబర్ ఊగుతోందని అర్థం: కింద సాడిల్ బోల్టు వదులైంది, లేదా రబ్బరు ప్యాడ్ నలిగిపోయింది. ఒకరు లోపల నిలబడి బరువు మోపితే, ఇంకొకరు వెనక నుంచి చెయ్యి ఆనించి ఆ ఊగుడు పట్టుకోవచ్చు. ఇదే అసలు తనిఖీ. సపోర్టు బిగించకుండా పగులు పూడిస్తే అదే చోట, అదే దిశలో మళ్లీ చీలుతుంది. ఇక చేప పొలుసుల్లా నలుదిక్కులా సన్నగా పగిలి ఉంటే పాత జెల్‌కోటే మందంగా పడింది. 0.8 మి.మీ. దాటిన పూత రోళ్లు పగిలే రోహిణి ఎండకు వ్యాకోచించి, రాత్రికి ముడుచుకుని చివరికి ఇలా తేలుతుంది. దాన్ని గ్రైండర్‌తో మొత్తం తీయాల్సిందే, పైన ఇంకో పూత వేస్తే మందం ఇంకా పెరుగుతుంది.

బుడిపెలు ఎక్కువగా నీళ్లు నిలిచే అడుగు భాగంలో వస్తాయి. పొడిస్తే వెనిగర్ వాసనతో జిగట ద్రవం కారుతుంది. నీరు పొరల్లోకి ఇంకి రెజిన్‌లో (ఫైబర్ పోగులను పట్టి ఉంచే జిగురులో) కరిగే పదార్థాలతో కలిసి ఒత్తిడి పెంచడం దీనికి కారణం. ప్రతి బుడిపె తెరిచి, మంచినీళ్లతో పలుమార్లు కడిగి, వారాల తరబడి ఆరనివ్వాలి. ఆరిందో లేదో తెలియాలంటే మూరెడు చదరం పాలిథిన్ షీటు నలువైపులా టేపుతో అంటించి రాత్రంతా వదిలేయండి. పొద్దున లోపలి వైపు చెమ్మ కనిపిస్తే ఇంకా ఆగాలి.

శుభ్రం చేయడం

మన బోరు నీళ్లలో గట్టితనం ఎక్కువ, పాత స్లైడ్‌కు తెల్లటి గార తప్పదు. లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి పూసి, పది నిమిషాలాగి నైలాన్ బ్రష్‌తో రుద్దితే చాలావరకు వదులుతుంది. దీనికి ముందూ వెనకా బ్లీచింగ్ నీళ్లు తగలకూడదు. ఆమ్లమూ క్లోరినూ కలిస్తే విషవాయువు వస్తుంది, మూసిన గొట్టం స్లైడ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

గార పోయాక అసిటోన్‌తో రెండు బట్టల పద్ధతి: ఒకదానితో తడిపి తుడవడం, అది ఆరేలోపు రెండోదానితో ఎత్తేయడం. ఎమరీ పట్టడం ఆ తర్వాతే. వరస తిప్పితే మైనం, పాత సీలెంట్ జిడ్డు గీతల్లోకి దిగిపోతాయి. ఎప్పుడో ఎవరో అతుకులకు మామూలు బాత్రూమ్ సిలికాన్ పెట్టి ఉంటే మరీ జాగ్రత్త. దాని జాడ మిగిలితే కొత్త జెల్‌కోట్ ఆ చోట చేపకళ్లలా గుంటలు పడుతుంది.

పగులు కట్టడం

లోతు పగులుకు ముందు రెండు కొసల్లోనూ 3 మి.మీ. రంధ్రం వేయాలి, చీలిక అక్కడితో ఆగుతుంది. తర్వాత వెనక వైపు 36 నంబరు గరుకు ఎమరీ డిస్క్‌తో మెరుపు పోయి కొత్త ఫైబర్ కనిపించేదాకా అరగదీయాలి. గట్టిపడిన పాత రెజిన్‌కు కొత్త రెజిన్ రసాయనికంగా అతుక్కోదు. గరుకుతనమే దాని పట్టు, అందుకే పాతదాని మీద వినైల్ ఎస్టర్ రెజిన్ మేలు. ఏటవాలు 1కి 12. ఫైబర్ మందం 6 మి.మీ. అయితే పగులుకు ఇరువైపులా 72 మి.మీ. దాకా వాలుగా చెక్కాలి. పని తొందరలో చాలామంది రెండు వేళ్ల వెడల్పుతో సరిపెడతారు, పట్టీ ఊడి వచ్చేది అందుకే.

చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాట్ (గాజు పోగుల గుడ్డ) ఒక పొర ఆరాక సుమారు 1 మి.మీ. అవుతుంది, కనుక ఆరు పొరలు. అడుగు ముక్క చిన్నది, పైపైవి ఒక్కోటి కాస్త పెద్దవి. చదరపు మీటరు మ్యాట్‌కు కిలో రెజిన్ చాలు. తెల్లటి చోటు మిగిలితే రెజిన్ చాలలేదు, మడుగు కడితే ఎక్కువైంది. ప్రతి పొర మీదా ఇనుప రోలర్ తిప్పి గాలి తీయాలి. ఒక విడతకు మూడు పొరలే. ఆరూ ఒకేసారి పరిస్తే లోపల పుట్టిన వేడికి రెజిన్ ఉడికి గోధుమరంగు తిరుగుతుంది, వంకర పోతుంది.

ఇక్కడ ఒక ప్రమాదం. మామూలు రెజిన్ గట్టిపడాలంటే క్యాటలిస్ట్, దాని పని వేగం పెంచే కోబాల్ట్ యాక్సిలరేటర్ రెండూ కావాలి. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్ పోయాలి. ఆ రెండూ నేరుగా తగిలితే మంట అంటుకుంటుంది, పేలనూ వచ్చు. ఒకే కొలపాత్రను రెండింటికీ వాడొద్దు, పక్కపక్కన నిల్వ పెట్టొద్దు. కొన్ని రెజిన్లలో, చాలా జెల్‌కోట్లలో కోబాల్ట్ ముందే కలిపి వస్తుంది. డబ్బా మీద చదివి చూడండి.

జెల్‌కోట్

నీటి పనికి ఐసోఫ్తాలిక్ ఎన్‌పీజీ అని డబ్బా మీద రాసి ఉండే రకమే అడగండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దానికంటే చవకైన మామూలు రకమూ దొరుకుతుంది, అది తడికీ ఎండకూ తొందరగా ఓడుతుంది. ఆరిన పూత 0.4 నుంచి 0.6 మి.మీ. ఉండాలి. 0.3 కంటే పలచబడితే సరిగా గట్టిపడదు, కింది నార కనిపిస్తుంది.

లెక్క ఇలా. 60 మీటర్ల తెరిచిన స్లైడ్, లోపలి వంపుతో కలిపి వెడల్పు 1.5 మీటర్లు, మొత్తం 90 చదరపు మీటర్లు. 0.5 మి.మీ. పూతకు చదరపు మీటరుకు సుమారు 600 గ్రాములు, అంటే 54 కిలోలు. గాలికి పోయేదీ బకెట్టుకు అంటుకునేదీ 20 శాతం కలిపితే 65 కిలోలు. ఒకే బ్యాచ్ నంబరు డబ్బాలు తీసుకోకపోతే నీలంలో రెండు ఛాయలు వస్తాయి.

క్యాటలిస్ట్, అంటే ఎంఈకేపీ, 1 నుంచి 2 శాతం మధ్య. 25 డిగ్రీల దగ్గర 1.5 శాతం, కిలోకు 15 గ్రాములు. చలి రోజుల్లో కాస్త పెంచవచ్చు కానీ 2 దాటొద్దు. వేడి రోజున తగ్గించవచ్చు కానీ 1 కంటే దిగొద్దు. అంతకంటే తగ్గితే పైకి గట్టిగా కనిపించినా లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఏడాదికే సుద్దలా రాలుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే చేతిలో ఉండే సమయం దాదాపు సగానికి పడుతుంది. కాబట్టి 2 కిలోలకు మించి ఒకసారి కలపొద్దు. మూతల లెక్కన పోయడం మానేసి గ్రాముల తూకం వాడండి. ఎంఈకేపీ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. గాగుల్స్ లేకుండా సీసా ముట్టుకోవద్దు, పడితే ధారగా నీళ్లతో కనీసం 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పాత ఉపరితలాన్ని 80 నంబరుతో గరుకు చేసి, దుమ్ము తీసి, మూడు పలచటి విడతలుగా స్ప్రే చేయాలి. తడి పూత మందాన్ని దువ్వెన గేజ్‌తో (పళ్లున్న కొలత పలకతో) అక్కడక్కడా కొలుస్తూ పోవాలి. గాలి తగిలే పైపొర తనంతట తాను గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. అందుకే చివరి విడతలో మాత్రమే మైనం ద్రావణం తయారీదారు చెప్పిన పాళ్లలో కలపాలి. మధ్య విడతల్లో కలిపితే పై పొరకు పట్టు దొరకదు.

గొట్టం స్లైడ్‌లో రెజిన్, జెల్‌కోట్ నుంచి లేచే స్టైరీన్ ఆవిరి గాలికంటే బరువైనది, వంపు అడుగున చేరుతుంది. బ్లోవర్ కింది నుంచి పీల్చాలి. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ మాస్క్ వాడాలి, దుమ్ము మాస్క్ దీనికి పనికిరాదు. లోపల హాలోజన్ లైటు వెలిగించొద్దు. బయట ఒక మనిషి కాపలా ఉండాలి. మిగిలిన రెజిన్ బకెట్టులోనే వదిలేస్తే పొగలు కక్కుతుంది, వెడల్పు ట్రేలో పలచగా పోసి ఆరనివ్వాలి.

ఆరాక వాటర్ పేపర్ 400, 600, 800, 1000, ఆపై కాంపౌండ్, బఫింగ్. గట్టిదనాన్ని బార్కాల్ మీటరుతో (సూది గుచ్చి గట్టిదనం కొలిచే పరికరంతో) చూస్తే 35కి తగ్గకూడదు. నీళ్లు వదలడానికి కనీసం వారం ఆగాలి.

అతుకులు

రెండు ప్యానెళ్లు కలిసే చోట నీరు పోయే దిశలో కింది ప్యానెల్ అంచు పై ప్యానెల్ కంటే ఎత్తుగా ఉండకూడదు. సమంగా ఉండాలి, లేదా వెంట్రుకవాసి పల్లంగా. ఎత్తుగా ఉంటే వీపు కోసుకుంటుంది. పాత సీలెంట్ పూర్తిగా చెక్కి తీసి, అడుగున ఫోమ్ తాడు పెట్టి, పాలియురేథేన్ సీలెంట్ నింపాలి. అది రోజుకు 2–3 మి.మీ. లోతు మాత్రమే ఆరుతుంది, 6 మి.మీ. అతుకుకు మూడు రోజులు పడుతుంది. బోల్టులు 316 స్టెయిన్‌లెస్. క్లోరిన్ నీళ్లకు 304 చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది.

పరీక్షకు పాత నైలాన్ చీర ముక్క చాలు. అరచేతికి చుట్టుకుని పైనుంచి కిందికి స్లైడ్ అంతా నిమురుతూ రండి. పోగు ఎక్కడ తట్టుకుంటే అక్కడ మళ్లీ పేపర్ పట్టాలి.

చాలామంది మరచిపోయేది ఒకటుంది. నునుపు పెరిగితే వేగం పెరుగుతుంది. గరుకు స్లైడ్ మీద సరిపోయిన చివరి బ్రేకింగ్ లేన్ (జారినవాళ్లు వేగం తగ్గి ఆగే భాగం) ఇప్పుడు చాలకపోవచ్చు. తయారీదారు చెప్పిన నీటి ప్రవాహంతో, ముందు వట్టి నీళ్లు వదిలి చూడాలి. తర్వాత శిక్షణ పొందిన సిబ్బందిలో తేలికవాళ్లు, బరువైనవాళ్లు విడివిడిగా జారి, ఎక్కడ ఆగుతున్నారో లేన్ మీద గుర్తు పెట్టుకోవాలి. స్లైడ్ల రూపకల్పన, నిర్వహణకు ఏఎస్‌టీఎం అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఎఫ్ 2376 ప్రమాణం ఉంది. తయారీదారు పుస్తకం దొరకని పాత స్లైడ్‌కు అర్హుడైన ఇంజనీరు దాని ఆధారంగా తనిఖీ చేసి, రాతపూర్వకంగా ఇచ్చాకే గేటు తీయాలి.

అభ్యాసం: 45 మీటర్ల మూసిన గొట్టం స్లైడ్, లోపలి వ్యాసం 1.4 మీటర్లు. పూత 0.5 మి.మీ., వృథా 20 శాతం. ఎన్ని కిలోల జెల్‌కోట్, 1.5 శాతం చొప్పున ఎన్ని గ్రాముల క్యాటలిస్ట్? ఆరో ప్యానెల్‌లో సాడిల్‌కు సరిగ్గా పైన నాలుగు సమాంతర పగుళ్లు ఉన్నాయి. మొదట పట్టుకోవాల్సిన పనిముట్టు ఏది? జవాబులు ఆరో పాఠంలో, పంపు గది పనితో పాటు.