పొట్టేలు పిల్లల మేపు - 4వ పాఠం: సైలేజ్ ఎంత, ఎండుగడ్డి ఎంత?

పోయిన పాఠంలో పిల్లల చేత తల్లి పాలు మాన్పించడం దాకా చెప్పుకున్నాం. ఈసారి మేత తొట్టి దగ్గరికి వద్దాం. చేవెళ్ల, ఇబ్రహీంపట్నం వైపు షెడ్డు వేసుకున్న వాళ్లలో చాలామందికి సొంతంగా పచ్చిమేత ఉండదు. మొక్కజొన్న సైలేజ్ (పచ్చిమేతను ముక్కలు చేసి గాలి తగలకుండా పులియబెట్టింది) బేళ్లు, అంటే మూటలు కొనుక్కుంటారు. కొనండి, తప్పేం లేదు. కానీ బేలు బరువు చూసి పిల్లల కడుపు నిండిందనుకోవద్దు. సైలేజ్‌లో మూడింట రెండు వంతులు నీళ్లే.

అందుకే ఏ మేతనైనా ఎండు లెక్కలోకి, అంటే నీళ్లు పోగా మిగిలే బరువులోకి మార్చుకోవాలి. ఎదిగే పిల్ల రోజుకు తన బరువులో దాదాపు 4 శాతం ఎండు మేత తింటుంది. 15 కిలోల పిల్లకు అది 600 గ్రాములు. కిలో సైలేజ్‌లో దొరికే ఎండు పదార్థం 330 గ్రాముల దాకానే. దాణా, ఎండుగడ్డిలో అయితే తేమ 10 శాతం వరకే ఉంటుంది. నేనైతే ఇలా పెడతాను: దాణా 250 గ్రాములు, అలసంద లేదా లూసర్న్ లాంటి పప్పుజాతి ఎండుగడ్డి 200 గ్రాములు, సైలేజ్ 600 గ్రాములు. ఎండు లెక్కన మొత్తం 600 గ్రాములకు సరిపోతుంది.

ఎండుగడ్డి మానేసి ఆ చోట కూడా సైలేజే వేస్తే ఏమవుతుంది? మొక్కజొన్న సైలేజ్‌లో మాంసకృత్తులు ఎండు లెక్కన 8 శాతం చుట్టూనే. ఎదిగే పిల్లకు మొత్తం మేతలో 14 శాతమైనా పడాలి. సైలేజ్ శక్తినిస్తుంది, కండ పట్టించేది మాత్రం పప్పుజాతి గడ్డి, దాణా. పొట్ట పెరిగి వీపు ఎముక చేతికి తగులుతోందంటే లోటు అక్కడే ఉంది.

ఎండుగడ్డి కొనేటప్పుడు కాడలు కాదు, ఆకు చూడండి. మాంసకృత్తులు ఎక్కువగా ఆకులోనే. కట్ట ఎత్తి దులిపితే ఆకంతా కింద రాలిపోతే ఆ కట్టకు ధర తగ్గించమనండి. కాడను మెలిపెడితే పుటుక్కున విరగాలి. వంగిందంటే తేమ ఉంది, వానాకాలంలో బూజు గ్యారంటీ. వేరుశనగ కట్టె మంచి మేతే, మట్టి దులిపి, బూజు లేదని చూసుకుని వేయండి. వరిగడ్డిని మాత్రం ఈ లెక్కలో కలపకండి. 3-4 శాతం మాంసకృత్తులున్న గడ్డితో పిల్ల కడుపు నింపడం దండగ.

ఇక బేలు విప్పడం. పైపొర పక్కకు తీసి, లోపలి నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే తడి ఎక్కువైంది. గుప్పిట తెరిచాక ఉండ మెల్లగా విచ్చుకుంటే సరిగ్గా ఉంది. తరువాత వాసన. పులిసిన పెరుగులా కమ్మటి పులుపు ఉండాలి. ముక్కుపుటాలు అదిరే అమోనియా వాసన గానీ, కుళ్లు వాసన గానీ వస్తే ఆ బేలు వద్దు. రంగు నల్లబడి పొగాకు వాసన కొడితే లోపల వేడెక్కి మాంసకృత్తులు పాడయ్యాయని అర్థం.

బూజు కనిపించిన చోట గడ్డ తీసేసి మిగతాది వేద్దామనే పొదుపు ఆవుల దగ్గర ఏమో గానీ గొర్రెల దగ్గర పనికిరాదు. సరిగ్గా పులియని, గాలి తగిలిన సైలేజ్‌లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, గొర్రెలు దానికి తొందరగా లొంగిపోతాయి. తల ఒకవైపు వంచి గుండ్రంగా తిరగడం, ఒక చెవి వేలాడటం, నోటి వెంట చొంగ - ఇవి కనిపిస్తే సాయంత్రం దాకా చూద్దామని ఆగకుండా వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. చూడి గొర్రెలైతే ఈచుకుపోతాయి (గర్భం పోతుంది) కూడా. మన హైదరాబాద్ ఎండల్లో విప్పిన బేలు రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. బేలులో చెయ్యి పెడితే వేడి తగిలిందంటే అప్పటికే చెడిపోవడం మొదలైంది. అందుకే పది పిల్లలున్న వాళ్లు పెద్ద బేలు చవకని తెచ్చుకోవద్దు.

మూడు నెలలు నిండని పిల్లకు సైలేజ్ పెట్టనే పెట్టకండి. దాని కడుపు ఇంకా సిద్ధం కాలేదు. దానికి ఆకు ఎక్కువున్న ఎండుగడ్డి, కొద్దిగా దాణా చాలు. హైదరాబాద్‌లోని జియాగూడ గొర్రెల మండి నుంచి తెచ్చిన పిల్లలకు కూడా తొలిరోజుల్లో ఎండుగడ్డి, శుభ్రమైన నీళ్లే. అవి ఎక్కడెక్కడో మేసి, లారీ ఎక్కి, బెదిరి వచ్చినవి. కుదుటపడ్డాక గుప్పెడు సైలేజ్‌తో మొదలుపెట్టి రెండు వారాల్లో పూర్తి కొలతకు తీసుకెళ్లండి. పొద్దున ముందు ఎండుగడ్డి, తరువాత దాణా, సాయంత్రం సైలేజ్. మిగిలింది మర్నాటికి ఉంచకుండా తొట్టి ఊడ్చేయండి. దాణా ఒక్కసారిగా పెంచితే చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టి పిల్ల ఉన్నట్టుండి చనిపోయే జబ్బు) భయం ఉంటుంది, టీకా వేయించారో లేదో చూసుకోండి.

ఈ వారం పని: మీ పిల్లల్లో ఐదింటిని పొద్దున మేతకు ముందు తూచి రాసుకోండి. ఇప్పుడు పెడుతున్న మేతను ఎండు లెక్కలోకి మార్చి ఆ బరువుల పక్కనే రాయండి. వారం తరువాత అదే వేళకు మళ్లీ తూచండి. రోజుకు 100 గ్రాముల చుట్టూ పెరుగుతుంటే కొలత మార్చకండి. తక్కువుంటే ముందు ఎండుగడ్డి నాణ్యత చూసి, ఆ తరువాతే దాణా జోలికి వెళ్లండి. దాణాను ఇంట్లోనే కలుపుకోవడం 5వ పాఠంలో.