తాబేలు గుడ్లను హేచరీకి చేర్చడం ఎలా? గుడ్డు తిరగకుండా చూడటమే అసలు పని

జనవరి వచ్చిందంటే చాలు, సముద్రపు ఒడ్డున తాబేలు గూళ్లు వెతికే రాత్రి నడకకు మేమూ వస్తామంటూ ఫోన్లు మొదలవుతాయి. రండి, మనుషులు కావాలి. అసలు ఈ పని ఇన్నాళ్లు నిలబడిందే మామూలు జనం వల్ల. చెన్నైలో 1988 నుంచి కాలేజీ పిల్లలు రాత్రంతా ఒడ్డు వెంట నడిచి ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లు కాపాడుతున్నారు. ఇచ్ఛాపురం దాటి కాస్త ముందుకెళితే ఒడిశాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కుతాయి, అక్కడ వాటికి కాపలా కాసేది చుట్టుపక్కల పల్లెల వాళ్లే. మన దగ్గర అలా గుంపులుగా రావు. శ్రీకాకుళం నుంచి కిందికి విశాఖ, కాకినాడ హోప్ ఐలాండ్, నాగాయలంక వైపు దాకా ఎక్కడో ఒకటి, ఎక్కడో ఒకటి వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఒంటరి గూడు కాబట్టి కుక్కల నోట పడటం ఇంకా సులువు. అందుకే నడవాలి, అవసరమైతే గుడ్లు తీసి హేచరీలో, అంటే కంచె కట్టి కాపలా కాసే ఇసుక చోటులో, మళ్లీ పాతాలి. కానీ వచ్చినవాళ్లలో సగం మంది ఆ గుడ్లను సంతలో కోడిగుడ్లు ఏరినట్టు ఏరి సంచిలో పోసేస్తున్నారు, అది చూడలేకే ఇదంతా రాస్తున్నాను.

ముందు అనుమతి. సముద్ర తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. మంచి ఉద్దేశంతోనే అయినా సరే, సొంతంగా గుడ్లు తవ్వి తీస్తే అది నేరమే. డిసెంబరులోనే మీ దగ్గరి అటవీ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి, ఒడ్డున ఇప్పటికే పనిచేస్తున్న బృందం ఉంటే వాళ్లతో కలవండి. మొదటి ఏడాది చూసి నేర్చుకోండి, గుడ్లలో చెయ్యి పెట్టకండి. ఇది నా నియమం, నాతో నడిచే ప్రతివాళ్లకూ ఇదే చెబుతాను.

సామాను పెద్దగా ఏమీ లేదు. టార్చి, దాని అద్దం మీద రెండు పొరలుగా అంటించిన ఎర్రటి పల్చటి కాగితం, నోటుబుక్కు, పెన్సిల్ (సముద్రం గాలికి కాగితం చెమ్మగిల్లితే పెన్ను రాయదు), టేపు, అడుగు భాగం వెడల్పుగా ఉండే బకెట్లు రెండు, తాగడానికి నీళ్లు. ముదురు రంగు బట్టలు వేసుకోండి. చేతులకు దోమల క్రీము, శానిటైజర్ లాంటివి రాసుకుని రావద్దు. చెప్పులు ఇంటి దగ్గరే వదిలేయండి, ఉత్త కాళ్లతో నడిస్తేనే ఇసుక ఎక్కడ గుల్లగా ఉందో తెలుస్తుంది.

నడక గురించి కూడా ఎక్కువ చెప్పేది లేదు. రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము ఐదు దాకా, నలుగురికి మించకుండా, పోటు గీత (పోటు నీళ్లు వచ్చి ఆగే హద్దు) పక్కనే నడవాలి. తాబేలు ఎక్కడ ఒడ్డెక్కినా ఆ గీత దాటే వెళ్లాలి కాబట్టి జాడ అక్కడే దొరుకుతుంది. చిన్న ట్రాక్టరు టైరు పోయినట్టు రెండున్నర అడుగుల వెడల్పున, పైకి ఒకటి, మళ్లీ నీళ్లలోకి ఒకటి. ఒక్క జాడే ఉంటే తల్లి ఇంకా పైనే ఉందని అర్థం. అప్పుడు టార్చి ఆర్పేసి, దూరంగా, దాని వెనక వైపు కూర్చోండి. గొయ్యి తవ్వుకుని, గుడ్లు పెట్టి, పూడ్చి, ఆ పూడ్చిన చోట తన పొట్ట భాగాన్ని అటూ ఇటూ ఊపుతూ దబదబా కొట్టి ఇసుకను గట్టిచేసి వెళ్లిపోతుంది. మొత్తం గంట పడుతుంది. ఈ గంటలో ఫొటోల కోసం ఫ్లాష్ వేసేవాళ్లను నేను మళ్లీ నడకకు పిలవను. గొయ్యి పూర్తి కాకముందే బెదిరితే గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోతుంది.

తల్లి వెళ్లిపోయాక గూడు ఎక్కడుందో పట్టుకోవాలి. చాలామంది ఇనుప చువ్వతో పొడిచి చూస్తారు. మొదటి ఏడాది నేనూ కర్రతో పొడిచేవాణ్ణి. ఒకరోజు చేపల వేట నుంచి వచ్చిన ముసలాయన ఒకాయన ఆగి, "కర్ర అవతల పారెయ్ బాబూ, మడమతో చూడు" అన్నాడు. జాడ మలుపు తిరిగిన చోట మడమను మెల్లగా ఆనించి బరువు వేస్తూ పోతే, చుట్టూ గట్టిగా ఉన్న ఇసుక ఒకచోట మాత్రం లోపలికి దిగుతుంది. అదే గూడు మూతి. అప్పటినుంచి కర్ర పట్టలేదు. చువ్వ తగిలి ఒక్క గుడ్డు పగిలినా ఆ సొన చుట్టూ ఉన్న గుడ్లకు అంటి బూజు పడుతుంది, వాసనకు చీమలు చేరతాయి, ఒక్క గుడ్డుతో పోదు.

గూడు దొరికింది కదా అని వెంటనే తవ్వకండి. అసలు దీన్ని తీయాలా అని ఒక్క నిమిషం ఆలోచించండి. పోటు గీతకు బాగా పైన ఉండి, కుక్కల తిరుగుడు, జనం తొక్కిడి లేని చోటయితే అక్కడే వదిలేయడం మంచిది. తల్లి ఎంచుకున్న చోటును మించిన హేచరీ లేదు. పైన ఇనుప జల్లెడ బిగించి, జాడ చెరిపేసి కాపలా కాస్తే చాలు. ఇన్ని వేల గుడ్లు సేకరించామని లెక్క చూపించుకోవడానికి కనబడిన గూడల్లా తవ్వే వాళ్లున్నారు. సేకరించిన గుడ్ల లెక్క ఎందుకు, నీళ్లలోకి వెళ్లిన పిల్లల లెక్క చెప్పమనండి. నీళ్లు తగిలే చోట ఉన్న గూళ్లు, ఊరి పక్కన కుక్కలు తిరిగే చోట ఉన్నవి మాత్రం తీయక తప్పదు. విశాఖలో జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ లాంటి ఒడ్డున తెల్లారేసరికి పెంకులే మిగులుతాయి.

ఇప్పుడు గుడ్లు తీయడం. ఇక్కడి నుంచి నిదానంగా చదవండి.

తల్లి కడుపులో ఉన్నంతసేపు గుడ్డులో పెరుగుదల ఆగి ఉంటుంది. బయటపడి గాలి తగిలాక మళ్లీ మొదలవుతుంది. కొన్ని గంటలు గడిచాక లోపలి పిండం పైకి తేలి, పెంకు పై భాగానికి లోపలి వైపు అతుక్కుంటుంది. ఒకటి రెండు రోజులకు బయటి నుంచి చూసినా ఆ చోట సున్నం చుక్కలా తెల్లటి మచ్చ కనిపిస్తుంది. కోడి తన గుడ్లను ముక్కుతో తిప్పుతూనే ఉంటుంది, వాటికి అది అవసరం. తాబేలు గుడ్డు అలా కాదు. పిండం అతుక్కున్నాక గుడ్డు బోర్లా తిరిగితే లోపలి పొరలు చిరిగి పిండం చచ్చిపోతుంది. పైకి ఏమీ తెలియదు. గుడ్డు గుండ్రంగా, తెల్లగా, చక్కగానే ఉంటుంది. మీరు దాన్ని జాగ్రత్తగా పాతిపెట్టి యాభై రోజులు కాపలా కూడా కాస్తారు.

అందుకే టైము చూసుకోవాలి. తల్లి గుడ్లు పెట్టిన రెండు మూడు గంటల్లో అవి కొత్త గొయ్యిలో ఉండాలి. ఆరు గంటలు దాటితే నేను ముట్టుకోను. తెల్లారి ఏడింటికి జాడ చూసి, రాత్రి ఎప్పుడో పెట్టిన గూడును ఎండలో తవ్వేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ప్రతి గుడ్డు పైన పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ గుర్తు పైకే ఉండేలా తీసే పద్ధతి ఉంది, కానీ అది ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల పని. మీరు మాత్రం జల్లెడ బిగించి వదిలేయండి.

బకెట్ అడుగున నాలుగు వేళ్ల మందాన ఆ గూటి తడి ఇసుకే పరవండి. పొడి ఇసుక వేయకండి, గుడ్డులోని చెమ్మను లాగేస్తుంది. గూడు మూతి దగ్గర ఇసుకను వేళ్లతోనే తీయాలి, పార, తాపీ లాంటివి దగ్గరికి రానీయకండి. గూడు లోపల కూజా ఆకారంలో ఉంటుంది, జానెడు కన్నా కాస్త తక్కువ మూతి, కింద వెడల్పు, మూర లోతు. చెయ్యి లోపలికి పోతుంటే ఒక చోట వేళ్లకు చల్లగా, జిగటగా, మెత్తటి తోలు బంతిలా తగులుతుంది. అక్కడ ఆగండి. ఇసుక మీద బోర్లా పడుకుని, ఒక్కో గుడ్డును మూడు వేళ్లతో పట్టి, అది ఏ వైపు పైకి ఉందో ఆ వైపే ఉంచుతూ నిటారుగా పైకి తీసి, అలాగే బకెట్లో దించాలి. అతుక్కోవడానికి ఇంకా టైముంది కదా అని తిప్పకండి, తల్లి ఎన్నింటికి పెట్టిందో మీరు కళ్లారా చూడలేదు. పైన ఉన్న జిగురు తుడవకూడదు. పెంకు మీద చిన్న సొట్ట ఉంటే భయపడకండి, అది మామూలే. ఒక గూట్లో వంద, నూట ఇరవై దాకా ఉంటాయి, అన్నీ తీసేసరికి భుజం లాగేస్తుంది. అయినా మనిషి మారకూడదు. ఒక గూడు ఒక్క చేత్తోనే తీయాలి, ఇంకొకరు లెక్క పెట్టి రాసుకోవాలి, మిగతా వాళ్లు నోరు మూసుకుని గాలికి అడ్డం కూర్చోవాలి.

బకెట్టే ఎందుకంటే, గుడ్డ సంచిలో వేస్తే నడిచేటప్పుడు గుడ్లు ఒకదాని మీద ఒకటి దొర్లుతాయి, తీసేటప్పుడు కుమ్మరించాలనిపిస్తుంది. సంచితో ఎన్నో ఏళ్లుగా చేస్తున్నామని వాదించేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. బకెట్‌తో ఇంకో లాభం ఉంది. గూట్లో అడుగున ఉన్న గుడ్లు చివరగా వస్తాయి కాబట్టి రెండో బకెట్లో పైన ఉంటాయి. కొత్త గొయ్యిలో దించేటప్పుడు రెండో బకెట్‌తో మొదలుపెడితే అవే ముందు వెళ్లి మళ్లీ అడుగున చేరతాయి. తల్లి పేర్చిన వరస అలాగే ఉంటుంది. హేచరీ దాకా నడిచే వెళ్లండి. బండి మీద పెట్టుకుని రోడ్డున పోతే ఆ కుదుపులకు మీరు పడిన కష్టమంతా వృథా.

నా రెండో ఏడాది ఇది నేర్చుకున్నాను. తెల్లవారబోతోందన్న కంగారులో నలుగురం నాలుగు చేతులు పెట్టి, సంచిలోకి తీసి, గొయ్యిలోకి వంచేశాం. నూట పద్నాలుగు గుడ్లు. అరవై రోజులయ్యాక తవ్వితే తొమ్మిది ఖాళీ పెంకులు దొరికాయి. మిగతావన్నీ పాతిపెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి, చేతిలోకి తీసుకుంటే బరువుగా. ఆ బరువు నాకింకా గుర్తుంది.

హేచరీ సులువు. పోటు తగలని చోట, చేపల వలతో కంచె కట్టి, వల అంచు అడుగు లోతుకు పాతిపెట్టాలి, లేకపోతే పీతలు, నక్కలు కింద నుంచి దూరతాయి. గొయ్యి కూడా కూజా లాగే, మూర లోతు. కొలవడానికి మీ మోచెయ్యే చాలు. గొయ్యికీ గొయ్యికీ మీటరు దూరం. గుడ్లు పెట్టాక ముందు తడి ఇసుక, చివర పొడి ఇసుక, అరచేత్తో తేలిగ్గా అదిమితే చాలు. తేదీ, గుడ్ల లెక్క, దొరికిన చోటు రాసిన చెక్క పాతండి. ఎండ ముదిరాక పైన కొబ్బరాకుల పందిరి సగం సగంగా వేయండి. ఇసుక వేడిని బట్టే పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడెక్కువైతే అన్నీ ఆడవే పుడతాయి, మరీ మండితే గుడ్లే ఉడికిపోతాయి. ఏటా అదే చోట హేచరీ పెట్టకండి, పాత పెంకుల బూజు ఇసుకలో ఉండిపోతుంది.

నలభై రెండో రోజు నుంచి ప్రతి గూడు చుట్టూ అడుగు లేని బుట్ట పెట్టి, రాత్రిళ్లు గంటకోసారి చూడాలి. నలభై అయిదు నుంచి అరవై రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. వచ్చే ముందు మధ్యలో ఇసుక చిన్న గుంటలా దిగుతుంది. తర్వాత ఒక ముక్కు కనిపిస్తుంది, అది కదలగానే కింద ఉన్నవన్నీ పొంగిన పాలలా ఒక్కసారి పైకి వస్తాయి.

అప్పటికప్పుడు వదిలేయాలి. ఉదయం పెద్దవాళ్లు వస్తారు, ఫొటోలు తీయాలి అని టబ్బులో నీళ్లు పోసి ఉంచడం ఘోరం. పుట్టిన వెంటనే ఉండే ఊపు మొత్తం లోతు నీళ్ల దాకా ఈదడానికి దాచుకున్నది, టబ్బు గోడలకు కొట్టుకుంటూ అది అక్కడే అయిపోతుంది. నీళ్లకు ఇరవై ముప్పై అడుగుల ఇవతల తడి ఇసుక మీద వదిలి వాటంతట అవి నడవనివ్వండి, ఎత్తి అలల్లోకి విసరకండి. అవి వెలుతురు వైపు పోతాయి. బీచ్ రోడ్డు లైట్లు ఉంటే అటే తిరుగుతాయి. లైట్లు ఆర్పమని ముందుగానే అడగండి, ఆర్పకపోతే మీరే రోడ్డు వైపు వరసగా నిలబడి, పంచె గానీ దుప్పటి గానీ పరిచి పట్టుకుని అడ్డం కట్టండి. చివరి పిల్ల నీళ్లలో కలిసేదాకా ఎవరూ అడుగు కదపకూడదు, చీకట్లో కాలి కింద పడతాయి.

రెండు రోజులు ఆగి గూడు తవ్వండి. వాసన వస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. కింద ఇరుక్కున్నవి ఒకటో రెండో బతికే ఉంటాయి, వాటిని ఆ రాత్రే వదలండి. తర్వాత పుస్తకంలో మూడు లెక్కలు రాయాలి: ఖాళీ పెంకులు ఎన్ని, పొదగని గుడ్లు ఎన్ని, గూట్లోనే చనిపోయిన పిల్లలు ఎన్ని. వాటి పక్కనే, ఆ గూడు తీసింది ఎవరి చెయ్యో, ఎన్ని గంటలకు తీశారో కూడా రాయండి.