ఈత క్లాసులో చేరే ముందు: పీరియడ్స్ రోజుల జాగ్రత్తలు

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలులో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. బడులకు సెలవులిస్తారు, ఇంట్లో పిల్లలంతా ఈత నేర్చుకుంటామని పట్టుబడతారు. మగపిల్లలకు నెలంతా ఈతే. ఆడపిల్లలకు మాత్రం మధ్యలో నాలుగైదు రోజులు పోతాయి. అప్పుడప్పుడే నీళ్ళమీద తేలడం వచ్చిన పిల్ల ఆ రోజుల్లో గట్టున కూర్చుని, తర్వాత మళ్ళీ భయంతో మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒంట్లో బాగుంటే పీరియడ్స్‌లో ఈత కొట్టడం వల్ల ఏ హానీ లేదు. చాలామందికి నీళ్ళలో కాళ్ళూ చేతులూ ఆడిస్తే పొత్తికడుపు నొప్పి కూడా తగ్గుతుంది. కాకపోతే ముందే సిద్ధం కావాలి. డేట్ వచ్చిన రోజు పొద్దున హడావిడి పడితే కుదరదు, క్లాసులో చేరే ముందు నెలలోనే మొదలుపెట్టాలి.

మొదట ఒక మాట. ప్యాడ్ పెట్టుకుని పూల్‌లోకి దిగొద్దు. కాసేపట్లోనే అది పూల్ నీళ్ళన్నీ పీల్చుకుని ఉబ్బుతుంది, జిగురు ఊడుతుంది, ఇక రక్తాన్ని పట్టుకోలేదు. "నీళ్ళలో దిగితే బ్లీడింగ్ ఆగిపోతుందిలే" అని కొందరు ధైర్యం చెబుతారు. నీటి ఒత్తిడికి బయటికి రావడం కాస్త తగ్గొచ్చు గానీ లోపల ఆగదు. దగ్గినా, నవ్వినా, మెట్లెక్కి బయటికొచ్చినా కారుతుంది.

ఎక్కువ సేపు ఈత కొట్టేవాళ్ళకు నేను మొదట చెప్పేది మెన్‌స్ట్రువల్ కప్పే. యోని లోపల పెట్టుకునే చిన్న గిన్నె లాంటిది, మెత్తటి సిలికాన్‌తో చేసింది, ఒకటి కొంటే కొన్నేళ్ళు వస్తుంది. రక్తాన్ని పీల్చదు, పట్టి ఉంచుతుంది, కాబట్టి పూల్ నీళ్ళతో దానికి పనిలేదు. పన్నెండు గంటల వరకు ఉంచుకోవచ్చు. అయితే మొదటిసారే సరిగ్గా కుదురుతుందని అనుకోకండి. ఇంట్లో, సెలవు రోజున, తొందరేమీ లేనప్పుడు ప్రయత్నించండి. గోళ్ళు కత్తిరించుకుని, సబ్బుతో చేతులు కడుక్కుని, కప్పును మధ్యకు మడిచి, గొంతుక్కూర్చుని పెట్టుకోవాలి. నిటారుగా పైకి నెడితే నొప్పి పుడుతుంది. నడుము వెనక వైపుకు వాలుగా పోనివ్వాలి. లోపలికి వెళ్ళాక మడత విచ్చుకుంటుంది. విచ్చుకుందో లేదో వేలితో అడుగు చుట్టూ తడిమి చూడండి, ఎక్కడైనా నొక్కుకున్నట్టు తగిలితే కొద్దిగా తిప్పండి. లీకయ్యేది ఎక్కువగా ఆ నొక్కు వల్లే. తీసేటప్పుడు కింద తోక పట్టుకుని లాగేయకూడదు. అడుగును రెండు వేళ్ళతో నొక్కి గాలి పోనిచ్చాకే తీయాలి. నెల అయిపోయాక దానికని విడిగా పెట్టుకున్న గిన్నెలో ఐదు నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, గుడ్డ సంచిలో దాచుకోండి. కాపర్-టి వేయించుకున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా కప్పు వాడొద్దు, కప్పు తీసేటప్పుడు కాపర్-టి పక్కకు జరిగిపోయే అవకాశముంది.

టాంపాన్ అంటే రక్తాన్ని పీల్చుకునేలా యోని లోపల పెట్టుకునే చిన్న దూది చుట్ట, తీయడానికి దారం ఉంటుంది. అది పెట్టుకోవడం కొందరికి తేలిక. కానీ అన్ని మెడికల్ షాపుల్లోనూ దొరకదు, ముందే తెచ్చిపెట్టుకోవాలి. బ్లీడింగ్‌కు సరిపడేంత చిన్న సైజు ఎంచుకోండి. ఈతకు ముందు కొత్తది పెట్టుకుని, బయటికి రాగానే మార్చేయాలి, ఎందుకంటే దాని దారం పూల్ నీళ్ళతో తడిసి ఉంటుంది. ఎట్టి పరిస్థితుల్లోనూ ఎనిమిది గంటలు దాటనివ్వొద్దు. మరిచిపోయి అలాగే ఉంచేస్తే టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. అది అరుదే గానీ ప్రాణం మీదికి తెస్తుంది. ఉన్నట్టుండి జ్వరం ఎక్కువై, వాంతులో విరేచనాలో అయి, కళ్ళు తిరిగి, ఒంటిమీద ఎండకు కమిలినట్టు ఎర్రదనం వస్తే టాంపాన్ వెంటనే తీసేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. టాంపాన్ వాడుతున్నట్టు డాక్టర్‌కు చెప్పడానికి సిగ్గుపడొద్దు. కప్పుతోనూ ఇది అరుదుగా వస్తుంది, కాబట్టి దానికీ టైమ్ చూసుకోవాల్సిందే.

పెళ్ళికాని పిల్లలకు ఇవి వద్దని పెద్దవాళ్ళు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, అయినా నిజం చెప్పాలి. కన్నెపొరకు సహజంగానే దారి ఉంటుంది, నెలసరి రక్తం వచ్చేది అందులోంచే. అది సాగే పొర, ఆటలాడినా సాగుతుంది. దాన్నిబట్టి అమ్మాయి గురించి ఎవరూ ఏమీ తేల్చలేరు. అయినా పిల్లకు ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి. అలాంటివాళ్ళకు ఈత కోసమే కుట్టిన పీరియడ్ కాస్ట్యూములు ఉన్నాయి. బ్లీడింగ్ తక్కువున్న చివరి రెండు రోజులకు అవి సరిపోతాయి. ఎక్కువున్న రోజున మాత్రం వాటినే నమ్ముకోవద్దు.

డేట్ వాయిదా వేసే మాత్రల మాట కూడా ఇక్కడే. పూజలకూ పెళ్ళిళ్ళకూ అలవాటై, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని మింగేస్తుంటారు. అవి హార్మోన్ మాత్రలు. రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళకూ, ఇంకొన్ని జబ్బులున్నవాళ్ళకూ ప్రమాదం. పోటీ తేదీ ముంచుకొచ్చిందంటే డాక్టర్ని కలిసి అడగొచ్చు. ఈత క్లాసు కోసమైతే వద్దేవద్దు.

పూల్‌కు వెళ్ళేముందు ఒకసారి బాత్రూం చూసి రండి. గొళ్ళెం పడుతుందా, లోపల కుళాయి ఉందా, చెత్తబుట్ట ఉందా? బుట్ట లేకపోతే కాగితం, కవరు వెంట తీసుకెళ్ళండి. నల్లటి లేదా ముదురు నీలం కాస్ట్యూమ్, దానిమీద షార్ట్స్ వేసుకుంటే మనసుకు టెన్షన్ ఉండదు. ఒక స్పేర్ లోదుస్తు, మామూలు ప్యాడ్ బ్యాగులో ఉండాలి. కోచ్ మేడమ్‌కు ముందే చెప్పి ఉంచండి. "మేడమ్, ఈరోజు డేట్, మధ్యలో ఒకసారి బయటికెళ్తా" అంటే చాలు, ఆవిడకు తెలియని సంగతేం కాదు. అయిపోయాక తలస్నానం చేసి పొడి బట్టలు కట్టుకోండి, తడి కాస్ట్యూమ్‌లో గంటలు గంటలు ఉంటే దురదలొస్తాయి.

ఇదంతా శుభ్రంగా క్లోరిన్ వేసే పూల్ గురించే చెప్తున్నాను. కేసీ కెనాల్, హంద్రీ నది, ఊరి చెరువు సంగతి వేరు. ఊళ్ళ మురుగు కలిసే నీళ్ళలో మామూలు రోజుల్లోనే దిగకూడదు, లోతూ ప్రవాహమూ తెలియని చోట అసలే వద్దు.

గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా, జ్వరమున్నా ఆరోజు పూల్ మానేయండి. ప్రతి నెలా అలాగే ఉంటే ఈత సంగతి పక్కనపెట్టి గైనకాలజిస్ట్‌కు చూపించుకోవాలి. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులున్నాయి. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా అప్పుడే చేయించండి.