ఆన్‌లైన్ పబ్లిక్ స్కూల్ సరే, పక్కన కూర్చునేదెవరు?

కొత్తగా అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వచ్చి, కొలంబస్ చుట్టుపక్కల ఇల్లు తీసుకుని, పిల్లల్ని ఫుల్‌టైమ్ ఆన్‌లైన్ పబ్లిక్ స్కూల్లో వేద్దామా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఇది. మొన్న మా కాంప్లెక్స్‌లో ఒక జంట రెండో తరగతి పిల్లాణ్ణి అలాగే చేర్చారు, నెల తిరక్కుండానే "అన్నా, స్కూల్ నుంచి రోజూ ఫోన్లు, వాడు లాగిన్ అయ్యి ఆటలాడుకుంటున్నాడట" అంటూ వచ్చారు. ఇద్దరికీ ఉద్యోగాలు. మరి పగలు వాడి పక్కన ఎవరుంటారు అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

లీజు, టీకాల కార్డు, బర్త్ సర్టిఫికెట్ లాంటి కాగితాల సంగతి నేను చెప్పను, చేరేటప్పుడు వాళ్లే అడుగుతారు. ఫీజు లేదు, చాలా స్కూళ్లు ల్యాప్‌టాప్ కూడా ఇస్తాయి. అసలు విషయం అది కాదు.

ఈ స్కూళ్లలో "లెర్నింగ్ కోచ్" అని ఒకరుంటారు. స్కూల్ పంపే మనిషి అనుకునేరు, అది మీరే. టీచర్ లైవ్ క్లాస్ రోజులో కాసేపే, మిగతాదంతా పాఠం తెరవడం, చదివించడం, చేయించడం, అప్‌లోడ్ చేయడం, ఎన్ని గంటలు చదివాడో నమోదు చేయడం, అన్నీ ఇంట్లోవాళ్ల పనే. చిన్న తరగతులైతే రోజులో సగం పైన పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. ఇంట్లోంచి ఉద్యోగం కదా, పక్క గదిలోనే ఉంటాను అంటారు. బాబూ, ఆఫీసు వాళ్ల స్టాండప్ మీటింగ్ కాల్‌లో ఉన్నప్పుడు వాడు "నాన్నా, మైక్ పనిచేయట్లేదు" అని వస్తే మేనేజర్‌కి ఏం చెప్తారు?

సరే, మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది అంటారు. ఆవిడను అడిగారా? నిజంగానే అడుగుతున్నా. మేం వచ్చింది జనవరిలో, బయట మంచు, లైసెన్సు రాలేదు, కారు లేదు, పాప ఒకటో తరగతి, అందుకే ఆన్‌లైన్‌లో వేశాం. మార్చి వచ్చేసరికి పాప కన్నా మా ఆవిడకే హోంవర్క్ ఎక్కువైంది. ఆమెకు ఆ నాలుగు గోడలు తప్ప ఊరు తెలియలేదు, పాపకు ఇంగ్లిష్‌లో మాట్లాడే తోడు దొరకలేదు. పైగా ఆ కారు బెంగ కూడా అనవసరమే. ఇక్కడ ఎనిమిదో తరగతి దాకా, స్కూల్ రెండు మైళ్ల కన్నా దూరమైతే బస్సు పంపాల్సిన బాధ్యత ఆ ప్రాంతపు స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఇంకొకటి, హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద ఉన్న ఆవిడకు ఈఏడీ, అంటే పనిచేసే అనుమతి, వచ్చి, సంవత్సరం మధ్యలో ఉద్యోగం దొరికితే అప్పుడు కోచ్ ఎవరు? వద్దనుకోమంటారా ఏంటి ఆ ఉద్యోగం?

అమ్మమ్మ ఆరు నెలలు ఉండడానికి వచ్చింది, ఆవిడ చూసుకుంటుంది అనేవాళ్లూ ఉన్నారు. అన్నం పెడుతుంది, కథలు చెప్తుంది, ముద్దు చేస్తుంది. పోర్టల్ పాస్‌వర్డ్, టీచర్ పంపిన ఈమెయిల్ ఆవిడ నెత్తిన పెట్టకండి. పైగా ఇక్కడ ఉండనిచ్చిన గడువు అయిపోగానే ఆవిడ ఫ్లైట్ ఎక్కుతుంది, పిల్లాడికి ఇంకా సగం సంవత్సరం మిగిలే ఉంటుంది.

గంటల లెక్క గురించి కూడా తేలిగ్గా తీసుకోకండి. ఒకప్పుడు ఈ రాష్ట్రంలో అతి పెద్ద ఆన్‌లైన్ స్కూల్ ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో. పిల్లలు అన్ని గంటలు చదివారని రుజువు చూపలేకపోవడంతో రాష్ట్రం సుమారు 8 కోట్ల డాలర్లు వెనక్కి కట్టమంది, 2018 జనవరిలో స్కూల్ మూతపడింది, దాదాపు 12 వేల మంది పిల్లలు సంవత్సరం మధ్యలో వేరే స్కూళ్లు వెతుక్కున్నారు. అందుకే స్కూల్ వాళ్లు లాగిన్ కోసం అంతగా వెంటపడతారు, విసుక్కోకండి. చేర్చేముందు రాష్ట్రం ఇచ్చే రిపోర్ట్ కార్డులో ఆ స్కూల్‌కి ఎన్ని స్టార్లున్నాయో చూడండి. స్టాన్‌ఫర్డ్‌లోని క్రెడో సంస్థ 2015లో చేసిన అధ్యయనంలో ఆన్‌లైన్ చార్టర్ స్కూళ్ల (ప్రభుత్వ డబ్బుతో, డిస్ట్రిక్ట్‌తో సంబంధం లేకుండా నడిచే స్కూళ్ల) పిల్లలు, ముఖ్యంగా లెక్కల్లో, మామూలు స్కూళ్ల పిల్లలకన్నా బాగా వెనకబడ్డారని తేలింది.

"ప్రాజెక్ట్ మారితే ఊరు మారతాం, ఆన్‌లైన్ అయితే స్కూల్ మారక్కర్లేదు కదా" అనేది ఇంకో భ్రమ. ఇది పబ్లిక్ స్కూల్, రాష్ట్రం డబ్బుతో నడుస్తుంది. టెక్సస్‌లోని డాలస్‌కి మారిన రోజున ఒహాయో స్కూల్ అయిపోయినట్టే. ఇండియా వెళ్లి మూడు నెలలు ఉంటూ అక్కణ్ణుంచి క్లాసులు వినిపిద్దామన్నా అంతే, ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే సీటు. ముందే స్కూల్‌ని అడగకుండా టికెట్లు కొనకండి. ఒకవేళ కొన్నాళ్లకు ఒప్పుకున్నా, ఇక్కడి ఉదయం తొమ్మిది గంటల క్లాస్ ఎండాకాలంలో అక్కడ సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. పెళ్లి ఇంట్లో ఆ టైమ్‌కి వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టడం మీ వల్ల అవుతుందేమో చూసుకోండి. రాష్ట్ర పరీక్షలకు మాత్రం వాళ్లు ఒక చోటికి రమ్మంటే పిల్లాణ్ణి మీరే తీసుకెళ్లాలి.

ఇంత చెప్పానని అసలు వద్దనడం లేదు. ఒంట్లో బాగోని పిల్లలకి, స్కూల్లో ఏడిపింపులు పడ్డవాళ్లకి, తొమ్మిదో తరగతి దాటి తన పని తాను చేసుకునేవాళ్లకి ఇది బాగానే పనికొస్తుంది, అలా చదివి చక్కగా కాలేజీకి వెళ్లిన పిల్లలు నాకు తెలుసు. కుదరకపోతే ఏదో అయిపోతుందని టెన్షన్ కూడా అక్కర్లేదు, మీ అడ్రస్‌కి చెందిన స్కూల్ సంవత్సరం మధ్యలో వెళ్లినా చేర్చుకుంటుంది. మారేటప్పుడు మాత్రం ముందు అక్కడ సీటు ఖాయం చేసుకుని, తర్వాతే ఆన్‌లైన్ స్కూల్లో పేరు తీయించండి, మధ్యలో లాగిన్ ఆపితే అది గైర్హాజరు కింద పడుతుంది. ల్యాప్‌టాప్ వచ్చిన అట్టపెట్టె కూడా దాచండి, ల్యాప్‌టాప్‌ని తిరిగి పంపాలి.