కొండలెక్కి, నగరం దాటి: గుంపుగా సైకిల్ యాత్ర నడిపే పద్ధతి

ఎనిమిది మంది కలిసి బయల్దేరితే కొండ ఎక్కుడులో అరగంటకే ముందువాళ్లకీ వెనకవాళ్లకీ మధ్య కిలోమీటరు దూరం పడుతుంది. ఒకరు గంటకు 10 కిలోమీటర్లు, మరొకరు 8 తొక్కితే చాలు, లెక్క అంతే వస్తుంది. నగరంలోకి వచ్చాక రెండో సిగ్నల్ దగ్గరే గుంపు రెండు ముక్కలవుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందుకని ‘అందరూ కలిసే ఉండాలి’ అనే నియమం పెట్టుకుని లాభం లేదు. ఎక్కడ విడిపోవచ్చో, ఎక్కడ కలుసుకుని తీరాలో ముందే రాసి అందరి చేతికీ ఇవ్వండి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

దారి లెక్క

దూరం ఒక్కటే చూసి రోజు ప్రణాళిక వేస్తే తప్పకుండా దెబ్బతింటారు. మ్యాప్‌లో మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలో కూడా చూడాలి. సామాను సంచులతో, మామూలు దమ్ముతో తొక్కేవాళ్లు గంటకు 400 నుంచి 500 మీటర్ల ఎత్తు ఎక్కగలరు. 60 కిలోమీటర్ల దారిలో 900 మీటర్ల ఎక్కుడు ఉందనుకోండి. చదును దారిలో మీ వేగం 18 అయితే దూరానికి 3 గంటల 20 నిమిషాలు, ఎక్కుడుకు మరో 2 గంటలు కలపండి. నిజానికి ఈ లెక్క కొంచెం ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే ఎక్కుడు దూరం రెండుసార్లు పడింది. ఉండనివ్వండి, ఆ మిగులును పంక్చర్లు తినేస్తాయి. ఆగే సమయం వేరే. గుంపులో అయిదు నిమిషాల విరామం ఎప్పుడూ పదిహేను అవుతుంది.

సగటు వాలును నమ్మకండి. 5 కిలోమీటర్లలో 300 మీటర్లు ఎక్కితే సగటు 6 శాతం. కానీ అందులో ఒక కిలోమీటరు చదునుగా, మూడు కిలోమీటర్లు 6 శాతంతో, చివరి కిలోమీటరు 12 శాతంతో ఉన్నా సగటు అదే. ఆ చివరి కిలోమీటరులోనే జనం దిగి సైకిల్ తోస్తారు. ఎత్తు గీతను కిలోమీటరు వారీగా చూసి, 8 శాతం దాటిన ముక్కలను గుర్తు పెట్టుకోండి.

నగరం ఏ వేళకు తగులుతుందన్నది కూడా ఇక్కడే తేల్చాలి. అలసిపోయి, చీకటి పడే వేళ ఆఫీసులు వదిలే రద్దీలోకి దిగడం అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. కుదిరితే పొద్దున్నే నగరం దాటి కొండకు వెళ్లండి. తిరుగు దారిలో నగరం పడితే మధ్యాహ్నపు వేళకు చేరేలా చూసుకోండి.

గేర్లు, బ్రేకులు

ముందు పళ్లచక్రం 34 పళ్లు, వెనక పెద్దది 34 పళ్లు అయితే పెడల్ ఒక చుట్టుకు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, అంటే దాదాపు 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే వేగం గంటకు ఏడున్నర కిలోమీటర్లు. సామాను లేకుండా 8 శాతం వాలుకు ఇది సరిపోతుంది. సంచులు కట్టుకుని 10 శాతం ఎక్కాలంటే చాలామందికి ఇంకా తేలిక గేరు కావాలి: ముందు 30, వెనక 36 లాంటిది. తేలిక గేరు లేకపోతే బలవంతంగా నిమిషానికి 40 చుట్లు తొక్కుతారు, సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి.

బయల్దేరే ముందురోజు సైకిల్‌ను స్టాండ్ మీద పెట్టి వెనక అతి పెద్ద పళ్లచక్రం మీదికి గేరు వేసి చూడండి. డిరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి జరిపే భాగం) స్పోకులను తాకేంత దగ్గరికి వెళ్తుంటే ‘ఎల్’ అని రాసిన లిమిట్ స్క్రూ బిగించాలి. సైకిల్ ఎప్పుడైనా డిరైలర్ ఉన్న పక్కకు పడి ఉంటే, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ వంగిందేమో కూడా చూడాలి. చదునులో అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కొండ మీద మొదటిసారి ఆ గేరు వేసినప్పుడు డిరైలర్ చక్రంలోకి దూరి స్పోకులు తెంచుతుంది, యాత్ర అక్కడే ఆగుతుంది.

బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేసుకోవాలంటే యాత్రకు కనీసం ఒక వారం ముందే వేయించుకోండి. కొత్త డిస్క్ ప్యాడ్లు రోటర్‌కు, అంటే చక్రంతో పాటు తిరిగే లోహపు పళ్లేనికి, కుదురుకోవాలి: గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, ఒక పదిహేను ఇరవై సార్లు, ఒక్కో బ్రేకుతో విడిగా తగ్గించాలి. రిమ్ బ్రేకు (చక్రం అంచును పట్టి ఆపేది) రబ్బరులో గాడులు ఆనవాలు లేకుండా అరిగితే మార్చాలి. చైన్‌కు నూనె స్ప్రే కొట్టేటప్పుడు రోటర్ మీద చుక్క కూడా పడకూడదు. పడితే బ్రేకు కీచుమంటుంది కానీ ఆగదు.

ఎవరి ట్యూబులు వాళ్లవే, తలా రెండు, సొంత టైరు కొలతకూ వాల్వుకూ సరిపోయేవి. సన్నటి ప్రెస్టా వాల్వుకు చేసిన రిమ్ములో లావుపాటి ష్రేడర్ వాల్వు ట్యూబు పట్టదు. పంపు ముగ్గురికి ఒకటి చాలు. 4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, చైన్ టూల్, గుంపులో ఉన్న ప్రతి గేరు రకానికీ ఒక క్విక్ లింక్ (తెగిన చైన్‌ను కలిపే లంకె), టైరు చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క, జిప్ టైలు, టేపు ఉమ్మడి సంచిలో ఉండాలి. ఆ సంచి తోకన, అంటే గుంపులో అందరికన్నా వెనక ఉండేవారి దగ్గరే పెట్టండి. సైకిల్ చెడినవాళ్లు వెనకబడతారు తప్ప ముందుకు వెళ్లరు కదా.

క్యారియర్ బోల్టులు కొండ దారి కుదుపులకు వదులవుతాయి, రోజూ పొద్దున చేత్తో తడిమి చూడాలి. బరువైన సామాను సంచి అడుగున, రెండు పక్కలా సమానంగా ఉండాలి.

ఎవరు ఎక్కడ

ముందు నడిపేవారు ఒకరు, తోకన ఒకరు. ముందు నడిపే పనికి అందరికన్నా వేగంగా తొక్కేవాళ్లను ఎన్నుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. దారి బాగా తెలిసి, నిదానంగా పోగలిగేవారు కావాలి. తోకన మాత్రం గట్టిగా తొక్కగలిగిన, మరమ్మతు తెలిసిన మనిషి ఉండాలి, ఎందుకంటే ఆగి, బాగుచేసి, మళ్లీ అందుకోవాల్సింది వాళ్లే.

ఎనిమిది మందికి మించితే రెండు జట్లుగా విడగొట్టండి, ఒక్కో జట్టుకూ ముందూ తోకా వేరుగా.

మలుపు వచ్చిన ప్రతిచోటా రెండో స్థానంలో ఉన్నవారు ఆగి, తోక కనబడేదాకా అక్కడే నిలబడి దారి చూపించాలి, తర్వాత తోక ముందు చేరిపోవాలి. అలా వంతులు మారుతూ పోతాయి. ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా అని ఈ పద్ధతి వదిలేయకండి. కొండల్లో సిగ్నల్ ఉండదు, నగరంలో ఫోన్ చూసే తీరిక ఉండదు.

ఎక్కుడు

ఎక్కుడులో ఎవరి వేగం వాళ్లదే. కలుసుకునే చోటు శిఖరం మీద, రోడ్డు వదిలి నిలబడే స్థలం ఉన్నచోట పెట్టాలి. సగం వాలులో ఆపితే మళ్లీ ఎక్కి తొక్కడం కష్టం.

గేరు వాలు మొదలయ్యే ముందే తగ్గించండి. బరువంతా పెడల్ మీద వేసి తొక్కుతూ గేరు మారిస్తే చైన్ ఊడుతుంది లేదా తెగుతుంది. మార్చే క్షణంలో పెడల్ మీద ఒత్తిడి వదిలి, ఒక్కొక్క గేరే దించాలి. మొదటి పది నిమిషాలు మాట్లాడగలిగేంత నిదానంగా తొక్కండి. అక్కడ ఆయాసపడినవాళ్లు పైదాకా కోలుకోరు.

ముందువారు సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం మొదలుపెట్టగానే సైకిల్ ఒక అడుగు వెనక్కి వచ్చినట్టవుతుంది. వెనక చక్రం దగ్గరగా ఉన్నవాళ్లు దానికి తగిలి పడతారు. పడేది ఎప్పుడూ వెనకవాళ్లే. కాబట్టి లేచే ముందు నోటితో చెప్పాలి, మీ ముందు చక్రం ముందువారి వెనక చక్రం పక్కకు చేరకుండా చూసుకోవాలి.

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలి. ఆకలి వేశాక తినడం ఆలస్యం చేసినట్టే.

ఎత్తు నుంచి దిగుడు

పైన ఆగినప్పుడు చెమట ఆరకముందే జాకెట్ వేసుకోండి. దిగుడులో తొక్కే పని లేదు, గాలి మాత్రం గట్టిగా కొడుతుంది. చలికి వేళ్లు బిగుసుకుంటే బ్రేకు నొక్కలేరు.

జాగ్రత్తగా దిగుతున్నామనుకుని చాలామంది బ్రేకును అరగంట సేపు తేలికగా పట్టుకునే ఉంటారు. ప్రమాదం అక్కడే ఉంది. 90 కిలోల బరువు 500 మీటర్లు దిగితే దాదాపు 440 కిలోజౌళ్ల శక్తి విడుదలవుతుంది. దాంట్లో గాలి తీసుకోని భాగమంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. రిమ్ బ్రేకు అయితే రిమ్ము కాలి, ట్యూబులో గాలి ఒత్తిడి పెరిగి, పాత పంక్చర్ ప్యాచ్ జిగురు కరిగి ఊడుతుంది. హైడ్రాలిక్ డిస్క్ అయితే వేడికి ద్రవం మరిగి లివర్ హ్యాండిల్ దాకా మెత్తగా వచ్చేస్తుంది. సరైన పద్ధతి: మలుపుకు ముందు తిన్నటి దారిలో రెండు బ్రేకులూ గట్టిగా వేసి వేగం తగ్గించాలి, తర్వాత పూర్తిగా వదిలేయాలి. మధ్యలో నిటారుగా కూర్చుంటే గాలే సగం బ్రేకు వేస్తుంది. రిమ్ము ముట్టుకోలేనంత వేడిగా ఉందనిపిస్తే ఆగి పది నిమిషాలు చల్లార్చండి. డిస్క్ రోటర్‌ను మాత్రం వేలితో పరీక్షించకండి, బొబ్బలెక్కుతుంది.

మలుపులో బయటి వైపు పెడల్ కిందికి దించి బరువు దాని మీద వేయండి. లోపలి పెడల్ కిందుంటే రోడ్డుకు గీసుకుంటుంది. చూపు మలుపు చివర ఉండాలి, మీ ముందు చక్రం మీద ఉండకూడదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 11 మీటర్లు పోతారు, చేయి బ్రేకు మీదికి వెళ్లేలోపే అంత దూరం గడిచిపోతుంది. అందుకని దిగుడులో మనిషికీ మనిషికీ 30 మీటర్లు ఉంచండి, ఒకరి వెనక ఒకరు అంటిపెట్టుకుని పోవద్దు.

వేగంలో హ్యాండిల్ అదిరి సైకిలంతా ఊగడం మొదలైతే హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకండి. మోకాళ్లతో పైగొట్టాన్ని నొక్కి పట్టి, చేతులు వదులు చేసి, వెనక బ్రేకు మెల్లగా వేయండి. సామాను ఒక పక్కకు ఒరిగినా, వెనక ఎత్తుగా కట్టినా ఇలా జరుగుతుంది.

నగరం

నగరం అంచున ఆగడం తప్పనిసరి. దిగుడు వేగం ఒంట్లోంచి దిగాలి, బ్రేకులు చూసుకోవాలి, లైట్లు వేసుకోవాలి. గుంపులో వెనక ఎర్ర లైటు నిలకడగా వెలగాలి. మెరుస్తుంటే వెనకవారి కళ్లకు చికాకు, దూరం అంచనా తప్పుతుంది.

ఇక్కడ ఒక్కో జట్టులో నలుగురో, అయిదుగురో, మహా అయితే ఆరుగురో ఉండేలా తగ్గించండి. పన్నెండు మంది వరుసగా పోతే మనిషికి 5 మీటర్ల చొప్పున 60 మీటర్ల వరుస అవుతుంది. ఆగి కదిలాక ఆ పొడవు సిగ్నల్ దాటడానికి ఇరవై సెకన్లకు పైగా పడుతుంది. మధ్యలో పసుపు దీపం పడగానే చివరివాళ్లు ముందువాళ్లను అందుకోవాలని దూకుతారు. గుంపు యాత్రల్లో అతి చెడ్డ అలవాటు ఇదే. పసుపు పడితే ఆగాలి. దాటినవాళ్లు కూడలి దాటాక రోడ్డు పక్కన, బస్సు స్టాపు కాని చోట ఆగి చూడాలి.

కూడలిలో ముందువారు ‘ఖాళీ, రండి’ అని అరవకూడదు. వాళ్లకు ఖాళీగా ఉన్నది మీరు వచ్చేసరికి ఉండదు. ఎవరి కళ్లతో వాళ్లు చూసుకోవాలి. అరవాల్సినవి వేరే ఉన్నాయి: ‘గుంత’, ‘ఆగుతున్నా’, ‘వెనక బండి’. చేతితో కూడా చూపించాలి కానీ గతుకుల దారిలో, బ్రేకు వేస్తూ చేయి వదలకండి. అక్కడ నోటిమాట చాలు.

నిలిపి ఉంచిన కార్లకు ఒక మీటరుకు పైగా, వీలైతే మీటరున్నర దూరంగా పోవాలి, తలుపు హఠాత్తుగా తెరుచుకుంటుంది. లారీ, బస్సు మలుపు తిరిగే వైపు సందులోంచి ఎప్పుడూ దూరకండి. వెనక చక్రాలు ముందు చక్రాలకన్నా లోపలికి కోస్తూ తిరుగుతాయి, డ్రైవర్‌కు మీరు అద్దంలో కనబడరు. అద్దంలో అతని ముఖం మీకు కనబడకపోతే మీరు అతనికి కనబడనట్టే లెక్క. పట్టాలు అడ్డు వస్తే చక్రం వాటిని లంబకోణానికి దగ్గరగా దాటాలి. వంకరగా పోతే టైరు సందులో ఇరుక్కుంటుంది. వానలో మ్యాన్‌హోల్ మూతలు, తెల్ల గీతల మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు.

ఎవరైనా పడితే మొదట చేయాల్సింది వాళ్లను లేపడం కాదు. ఒకరు 50 నుంచి 100 మీటర్లు వెనక్కి వెళ్లి వచ్చే బండ్లను ఆపాలి. తల, మెడ దెబ్బ అనుమానం ఉంటే కదపకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. నేలకు కొట్టుకున్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా లోపలి ఫోమ్ నలిగి ఉండొచ్చు, మళ్లీ వాడకూడదు.

చివరి స్థలం కూడా ముందే చెప్పి ఉంచండి. నగరంలో ఒక్కొక్కరికీ వాళ్ల దారి తగులుతుంది, చేయి ఊపి పక్క వీధిలోకి తిరుగుతారు. తోకకు చెప్పకుండా ఎవరూ వెళ్లకూడదు. చెప్పకుండా వెళ్లినవారి కోసం తోకన ఉన్న మనిషి వెనక్కి తిరిగి కూడలి కూడలీ వెతుకుతూ ఉండిపోతారు.