తెల్లవారుజామున వచ్చే అమెరికా ఎర్లీ ఫలితాలు

అమెరికా కాలేజీల ఎర్లీ ఫలితాలు, అంటే నవంబరులోనే ముందుగా దరఖాస్తు చేసినవాళ్లకు వచ్చేవి, ఎక్కువగా డిసెంబరు మధ్యలో వస్తాయి. వాళ్ల ఈస్టర్న్ టైమ్‌లో సాయంత్రం 7 గంటలంటే మన విశాఖలో మర్నాడు తెల్లవారుజామున 5:30. ఫలితం కనిపించే కాలేజీ పోర్టల్ పాస్‌వర్డ్ ముందురోజే సరిచూసుకోండి. తెరిచేది పిల్లలే. పక్కన చుట్టాల వీడియో కాల్ వద్దు. ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో ఆ షరతు నేనే పెట్టాను, అత్తగారు అలిగారు కూడా.

ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరి తీరాలి, మిగతా దరఖాస్తులు వెనక్కి తీసుకోవాలి. ఆర్థిక సాయం చాలకపోతే మాత్రం బయటపడే వీలుంది. ఎర్లీ యాక్షన్‌కి ఆ కట్టుబాటు లేదు, సాధారణంగా మే 1 దాకా ఆలోచించుకోవచ్చు.

‘డిఫర్డ్’ (నిర్ణయం వాయిదా) అని వస్తే టెన్షన్ పడకండి. రెగ్యులర్ దరఖాస్తులతో కలిపి మళ్లీ చూస్తారు. స్కూలు చేత మిడ్‌ఇయర్ మార్కులు పంపించండి. కాలేజీ వద్దనకపోతే పిల్లల చేత కాలేజీకి ఒక పేజీ ఉత్తరం రాయించండి: నవంబరు తర్వాత కొత్తగా ఏం చేశారో అది చాలు, పొగడ్తలు అనవసరం. రెగ్యులర్ గడువులు చాలావరకు జనవరి మొదటి వారంలోనే ఉంటాయి. అందుకే ఆ దరఖాస్తులకు కావలసిన వ్యాసాలు ఎర్లీ ఫలితం రాకముందే రాసిపెట్టుకోవాలి.

ఇక అక్కడి ఖరీదైన ప్రైవేటు హైస్కూళ్ల పిల్లలకు ఏ కాలేజీల్లో సీట్లొచ్చాయో చెప్పే జాబితాలు వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. వాటితో మన పిల్లల్ని పోల్చకండి. అందులో కోచ్‌లు ముందే ఎంచుకున్న ఆటగాళ్లుంటారు, అదే కాలేజీలో చదివినవాళ్ల పిల్లలుంటారు. ఎంఐటీ ఆ వారసత్వం చూడదు, కొన్ని కాలేజీలు చూస్తాయి. మనకు అసలు తేడా డబ్బు దగ్గర. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీల్లో సాయం అడిగినందుకు విదేశీ విద్యార్థి అవకాశం తగ్గదు. చాలాచోట్ల తగ్గుతుంది.